కత్తెర తీసే ముందు

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటు కింద హాల్లో, ఆదివారం సాయంత్రం ఒక టైలరమ్మ కుట్టుపని గురించి చెప్పిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆవిడ చెప్పినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, నా గుడ్డముక్కలు ఎగిరిపోతున్నాయి. ఆఁ, చాలు.

నన్ను పిలిచినప్పుడు మీ సెక్రటరీ గారు ఏమన్నారంటే, "అమ్మా, మావాళ్ళకి గంటలో బ్లౌజు కుట్టడం నేర్పించెయ్యండి" అన్నారు. గంటలో బ్లౌజు! పెదవాల్తేరులో ముప్పయ్యేళ్ళు బ్లౌజులు కుట్టాను నేను. ఇప్పటికీ చంక దగ్గర ముడత పడితే విప్పి మళ్ళీ కుడతాను. గంటలో నేర్పేస్తే నా ముప్పయ్యేళ్ళూ ఏమైనట్టు? అందుకని ముందే చెప్పేస్తున్నా, ఇవాళ బ్లౌజు లేదు. ఇవాళే కాదు, కుట్టు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏడాదిదాకా బ్లౌజు జోలికి వెళ్ళకండి. అది టైలరుకే ఇవ్వండి. నా గిరాకీ కోసం చెప్తున్నాననుకుంటారేమో, నేను షాపు మూసేసి రెండేళ్ళయింది.

ఎందుకు వద్దంటున్నాను? మనిషి ఒంటికి వంపులుంటాయి. దిండుకి ఉండవు. కిటికీకి ఉండవు. కూరగాయల సంచికి ఉండవు. దిండు గలీబు కుట్టి తొడిగితే, "పిన్నీ, చంక పట్టేస్తోంది" అని దిండు అనదు కదా? ఇంట్లో కుట్టుకోవలసినవన్నీ తిన్నగా ఉండేవే. తిన్నగా గీత గీసి, ఆ గీత మీద తిన్నగా కుట్టగలిగితే చాలు, ఇల్లంతా మీకు పని ఉంటుంది. అలాంటివే నాలుగు తెచ్చాను ఇవాళ: మసిగుడ్డ, గలీబు, సంచి, బొంత. బొంత దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, అదంటే నాకు ఇష్టం.

సరే, అందరూ గుడ్డ తెచ్చుకున్నారా? తెచ్చుకున్నారు. కత్తెరలు కూడా తీసేశారు అప్పుడే! లోపల పెట్టండి. మొదటి పని కత్తెరది కాదు. గుడ్డని చేత్తో పట్టుకోండి. పొడుగువైపు లాగండి. ఇప్పుడు అడ్డంగా లాగండి. తేడా తెలిసిందా? అడ్డంగా లాగితే కాస్త సాగింది, పొడుగున బిర్రుగా నిలబడింది. పొడుగున వెళ్ళేది పడుగు, అడ్డంగా వెళ్ళేది పేక. మగ్గం మీద పడుగుని గట్టిగా లాగి కడతారు, అందుకే అది ఎక్కువ సాగదు. ఇప్పుడు మూల నుంచి మూలకి ఏటవాలుగా లాగండి. చూశారా, రబ్బరులా సాగిపోయింది! మా టైలర్లు దాన్ని క్రాసు అంటారు. మెడ చుట్టూ పైపింగు వేయాలంటే క్రాసు ముక్కే కావాలి, వంపు తిరుగుతుంది కాబట్టి. కానీ సంచి పట్టీని క్రాసులో కోశారనుకోండి, రెండు కిలోల ఉల్లిపాయలు వేసేసరికి పట్టీ మోకాళ్ళ దాకా దిగుతుంది. పట్టీ ఎప్పుడూ పడుగు వెంటే కోయాలి. ఇంత చిన్న విషయం తెలియక ఎన్ని సంచులు పాడయ్యాయో నాకు తెలుసు, వాటిలో మొదటిది నాదే.

అంచు ఊడిపోయిన ముక్కలో పడుగు ఏదో ఎలా తెలుస్తుందని అడుగుతున్నారు. లాగి చూడ్డమేనమ్మా, ఇందాక లాగినట్టే. పొందూరు ఖాదీ అయితే చేతికి ఇంకా బాగా తెలుస్తుంది. మన పక్కనే శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉంది కదా, అక్కడ సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్ళు అంత సన్నంగా ఉంటాయి. చేత్తో వడికిన నూలు ఒక్కో పోగూ ఒక్కోలా ఉంటుంది, వేళ్ళకి తగుల్తుంది. అలాగని పొందూరు పంచె కోసి మసిగుడ్డలు కుట్టకండి, మీ మావగారు నన్ను తిడతారు.

రెండో పని, తడపడం. కొత్త నూలు గుడ్డ నీళ్ళు చూస్తే ముడుచుకుంటుంది. నూటికి మూడు నుంచి అయిదు వంతులు పోతుందనుకోండి. రెండు గజాల కర్టెను, అంటే 72 అంగుళాలు. దాంట్లో మూడు అంగుళాలు పోతే? మొదటిసారి ఉతికాక కర్టెను కిటికీ కింద అంచు దాటి పైకి ఎక్కుతుంది. పొట్టి లంగా వేసుకున్న పిల్లలా ఉంటుంది కిటికీ. అందుకే రాత్రి నానబెట్టి, పొద్దున్న ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కోయండి. బ్లౌజు లైనింగు తడిపి ఇవ్వమని టైలరు ఎందుకంటాడు? ఇందుకే. పని ఎగ్గొట్టడానికి కాదు. నేనూ అనేదాన్ని, నా గిరాకీలు కూడా నన్ను అలాగే అనుకునేవాళ్ళు.

మూడోది, అది నూలా కాదా అన్నది. మసిగుడ్డకి ఇది చూడకపోతే వేళ్ళు కాలతాయి. ఇదిగో, ఈ గుడ్డలోంచి ఒక పోగు లాగాను. పట్టకారుతో పట్టుకుని వెలిగిస్తున్నా, మీరు ఇంట్లో సింకు దగ్గర చేయండి. కాగితం కాలిన వాసన వచ్చింది కదా? బూడిద వేళ్ళతో నలిపితే పొడి అయిపోయింది. ఇది నూలు. ఇప్పుడు ఈ రెండోది. చూడండి, కాలడం కంటే ముందు కరిగింది, చివర నల్లటి పూస కట్టింది. గోరుతో నొక్కితే నలగడం లేదు. ఇది పాలియెస్టరు. వేడి గిన్నె దింపడానికి దీన్ని వాడితే అదే పూస మీ చేతికి అంటుకుంటుంది. షాపులో గుత్తికి అమ్మే రంగురంగుల పూల మసిగుడ్డలు కొనేముందు కూడా ఒక పోగు వెలిగించి చూడండి. షాపులో కాదు, ఇంటికొచ్చాక!

మసిగుడ్డ కొలత చెప్పి వదిలేస్తా. పాత టర్కీ తువ్వాలు రెండు మడతలు లోపల, పైనా కిందా పాత నూలు దుప్పటి ముక్కలు, ఎనిమిది అంగుళాల చదరం. అడ్డంగా రెండు కుట్లు, నిలువుగా రెండు కుట్లు, చుట్టూ అంచు మడిచి ఒక కుట్టు, మూల ఒక చిన్న కొక్కెం పట్టీ. అంతే. తడి గుడ్డతో మాత్రం వేడి గిన్నె పట్టుకోకండి, తడిలోంచి వేడి చురుక్కున చేతికి వచ్చేస్తుంది.

గలీబు ఇంకా తేలిక, గుండీలు అక్కర్లేదు. దిండు 17 అంగుళాల వెడల్పు, 27 పొడుగు అనుకుందాం. వెడల్పుకి ఒక అంగుళం కలపండి, 18. పొడుగుకి 27, మళ్ళీ 27, లోపలికి మడిచే జేబుకి ఆరు, రెండు చివర్ల అంచులకి రెండు. ఎంతయింది? ఆఁ, 62. టీచరుగారా మీరు? అందుకే. ముందు రెండు చివర్లూ అంచు కుట్టేయాలి. మంచివైపు పైకి పెట్టుకుని, గుడ్డని 27 దగ్గర మడవాలి, మిగిలిన ఆరంగుళాలని వెనక్కి తిప్పి దానిమీద కప్పాలి. రెండు పక్కలా కుట్టి తిరగేస్తే జేబు లోపలికి వెళ్తుంది, దిండు బయటికి జారదు. అర్థం కాకపోతే ముందు న్యూస్‌పేపరుతో మడిచి చూడండి. నేనూ కాగితంతోనే నేర్చుకున్నా.

ఇప్పుడు సంచి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు దేశమంతా నిషేధం. మరి రైతుబజారుకి వెళ్తే మన చేతుల్లో ఏముంటోంది? నేను చెప్పను, మీరే చూస్తున్నారు. ఇళ్ళల్లో గుడ్డ సంచులు లేక కాదు, అవన్నీ పెళ్ళిళ్ళలో తాంబూలంతో ఇచ్చినవి. రెండు కొబ్బరికాయలు పట్టే సైజు, మూడోసారికి పట్టీ ఊడుతుంది. పట్టీ ఎందుకు ఊడుతుంది? ఒక్క అడ్డ కుట్టు వేసి వదిలేస్తారు. బరువంతా ఆ ఒక్క గీత మీద పడుతుంది. మీరు పట్టీ చివర అంగుళంన్నర మేర చదరంగా చుట్టూ కుట్టండి, ఆ చదరంలో ఇంటూ మార్కులా రెండు కుట్లు. బరువు పంచుకుంటుంది. అది ఇదిగో, లాగండి. గట్టిగా లాగండి అమ్మా, పర్లేదు. ఊడిందా?

గుడ్డ 17 అంగుళాల వెడల్పు, 36 పొడుగు. పాత జీన్సు అయినా, మందపాటి దుప్పటి అయినా. పట్టీలు రెండు, ఒక్కోటి నాలుగంగుళాల వెడల్పు, 24 పొడుగు, నాలుగు మడతలు వేస్తే అంగుళం పట్టీ వస్తుంది. పక్క కుట్లు వేసేటప్పుడు ఒక కిటుకు ఉంది. అందరూ తిరగేసి కుడతారు కదా, మీరు ముందు మంచివైపు బయటికి ఉంచే పావు అంగుళంలో ఒక కుట్టు వేయండి. తప్పుగా కుడుతున్నానే అనిపిస్తుంది, అనిపించనివ్వండి. తర్వాత తిరగేసి అంచు మీద మళ్ళీ ఒక కుట్టు. పోగులన్నీ రెండు కుట్ల మధ్య ఇరుక్కుపోతాయి, లోపల ఎక్కడా పీచు కనపడదు, కొత్తిమీర కాడలు చిక్కుకోవు. చివర్న అడుగు మూలల్ని త్రికోణంలా చదును చేసి, కొస నుంచి రెండంగుళాల దగ్గర అడ్డంగా కుడితే సంచికి నాలుగంగుళాల అడుగు వస్తుంది, నేల మీద పెడితే కూర్చుంటుంది. జీన్సు మాత్రం మడతలు మందం, అక్కడ ఈ రెండు కుట్ల కిటుకు వద్దు, సూది విరుగుతుంది.

సూది అంటే గుర్తొచ్చింది. సూదుల మీద నంబర్లు ఎవరైనా చూశారా? చేతి సూదికి నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. మిషను సూదికి నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. ఎవరు పెట్టారో గానీ జనాన్ని తిప్పలు పెట్టడానికే పెట్టినట్టుంది. మిషనుకి పల్చటి గుడ్డలకి 11, మామూలు నూలుకి 14, సంచికి 16, జీన్సు మడతలకి 18. ఒకే సూది పెట్టి ఏడాది నడిపేవాళ్ళున్నారు. మొండి సూది గుడ్డని పొడుస్తుంది గానీ దారాన్ని సరిగా అందించదు, కుట్లు ఎగిరిపోతాయి. అప్పుడు మిషను పాడైందని రిపేరుకి పంపుతారు.

మిషనున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే. దానిమీద బట్టలు మడతపెట్టి ఉన్నవాళ్ళు? అదీ సంగతి! పాపం, 1846లో ఎలియాస్ హోవ్ అనే ఆయన సూదికి కన్ను వెనక కాదు, మొనలో ఉండేలా మిషను చేసి అమెరికాలో పేటెంటు తెచ్చుకున్నాడు, 1851లో సింగర్ తన మిషనుకి తెచ్చుకున్నాడు. యంత్రాలంటే అంత ఇష్టపడని గాంధీగారు కూడా కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. మనమేమో దానిమీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాం.

ఎక్కువమంది నా దగ్గరికి తెచ్చే కంప్లయింటు ఏంటంటే, "కింద దారం గుబురు పడుతోంది ఆంటీ." వెంటనే కింద దారం చుట్టి ఉండే బాబిన్ తీసి కెలుకుతారు, బాబిన్ కేసు స్క్రూ తిప్పేస్తారు. కింద గుబురు పడితే తొంభై పాళ్ళు తప్పు పైదారానిది! పైదారానికి టెన్షన్ లేదు. టెన్షన్ అంటే మీకుండేది కాదు, మిషనుకుండేది. రెండు బిళ్ళల మధ్య నుంచి దారం నలుగుతూ రావాలి. గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం కిందికి దించి ఉంచి దారం ఎక్కిస్తే ఆ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి వెళ్ళదు, పైనే తేలుతుంది. కాబట్టి పాదం ఎత్తండి, అప్పుడు దారం ఎక్కించండి. అత్తగారి కోపం కోడలి మీద పడినట్టు, పైన తప్పుకి కింద శిక్ష! ఆ ముందు వరసలో అత్తాకోడళ్ళు ఇద్దరూ నవ్వుతున్నారు, మంచిది.

ఇంకోటి నూనె. మన ఊరికి ఇది మరీ ముఖ్యం. సముద్రపు గాలి, ఉప్పు, ఉక్క. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళల్లో కిటికీ గ్రిల్లు రెండేళ్ళకి తుప్పు రాలుస్తుంది, ఇంక సూది సంగతి చెప్పాలా? మా వీధిలో ఒకావిడ మిషన్ ఆయిల్ అయిపోయిందని కొబ్బరినూనె పోసింది. తలకి మంచిదైతే మిషనుకి మంచిది కాదా అనుకుంది. వేసవంతా బ్రహ్మాండంగా నడిచింది. సంక్రాంతి ముందు రాత్రుళ్ళు చల్లబడ్డాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కదా? పండగ బట్టలన్నీ ముందేసుకుని పెడలు తొక్కితే చక్రం కదల్లేదు. హెయిర్ డ్రయ్యరు పెట్టి కరిగించి, ఆయిల్ పోసి, మసంతా తుడిచేసరికి భోగి వచ్చేసింది.

సూదులు తుప్పు పట్టకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఇదిగో, నా సూదుల దిండు. దీని లోపల ఏముందో చెప్పండి చూద్దాం. దూది కాదు. పొట్టు కాదు. జుట్టు! దువ్వెనకొచ్చిన జుట్టు పోగుచేసి కుక్కాను. అలా మొహాలు పెట్టకండి, మా అమ్మమ్మ అలాగే చేసేది. జుట్టులో జిడ్డు ఉంటుంది, గుచ్చిన సూదికి పట్టుకుంటుంది, తుప్పు రాదు. గుడ్డకి తుప్పు మరక అయితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి ఉతకండి. రంగు గుడ్డ అయితే ముందు మూల మీద చూసుకోండి, నిమ్మరసం రంగునీ లాగుతుంది.

మోటారు మిషను మంచిదా, తొక్కేది మంచిదా అని ఎవరో చీటీ పంపారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఇక్కడ ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా వీధిలో వారం పైగా కరెంటు లేదు. కిటికీ అద్దాలు ఒక్కటి మిగల్లేదు. మోటారు మిషను మూల కూర్చుంది, పాత తొక్కుడు మిషను మాత్రం పగలంతా నడిచింది. పాత దుప్పట్లు రెండు మడతలు చేసి, అంచుకి తాడు దూరేలా గొట్టంలా కుట్టి, వీధిలో కిటికీలకి కట్టాం. అందంగా లేవు. గాలి ఆగింది. అందుకే రెండో మిషను కొనే స్తోమత ఉంటే తొక్కేది ఉంచుకోండి అంటాను, మొదటిదైతే మీ మోకాళ్ళని అడగండి.

ఇక బొంత. "గంతకు తగ్గ బొంత" అని సామెత ఉంది, అది పొగడ్త కాదు. బొంత అంటే మనకి చిన్నచూపు. బెంగాలీవాళ్ళు దాన్నే కాంతా అంటారు. ఎగ్జిబిషన్లలో వేలు పెట్టి అది కొనుక్కొచ్చి సోఫా మీద పరుచుకుంటాం, అమ్మమ్మ కుట్టింది అటక మీద పెడతాం. రెంటికీ తేడా ఏంటి? వాళ్ళ దాంట్లో చేపలూ పువ్వులూ ఉంటాయి. మన దాంట్లో తిన్నని కుట్లుంటాయి. తిన్నని కుట్లు మనకి వచ్చు కదా!

లెక్క చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో. చీర అయిదున్నర మీటర్లు. అంగుళాల్లో 216. మూడుతో భాగిస్తే? 72. అంటే ఆరడుగులు. వెడల్పు దాదాపు 45 అంగుళాలు. ఒక్క నూలుచీరని మూడు మడతలు వేస్తే ఒక మనిషి కప్పుకునే బొంత వచ్చేస్తుంది, ఒక్క ముక్క వృథా కాదు. చీర నేసినవాడికి బొంత సంగతి ముందే తెలుసేమో అనిపిస్తుంది నాకు. చలికాలానికి ఇంకాస్త మందం కావాలంటే రెండు చీరలు, ఆరు మడతలు. అంతకి మించి వేయకండి, సూది దిగదు. నైలెక్సూ, జార్జెట్టూ వద్దు. జారతాయి, చెమట పీల్చవు.

చీర ఎంత పాతదైతే అంత మంచిది, కానీ వెలుగుకి పట్టుకుని చూడండి. జల్లెడలా కనిపిస్తే దాన్ని మధ్య పొరలో పెట్టండి, గట్టిది పైన. మడతలు నేల మీద పరిచి, ముడతలు లేకుండా చేత్తో నిమిరి, ముందు కచ్చా కుట్టు వేయాలి, బెత్తెడు బెత్తెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు. ఎక్కడ మొదలుపెట్టాలి? మధ్యలో! అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకి పోగై బుడగలా లేస్తుంది. మధ్య నుంచి బయటికి తోసుకుంటూ రావాలి. అసలు కుట్టు కూడా అంతే, మధ్య వరస ముందు. వరసకి వరసకి రెండు వేళ్ళ ఎడం. దారం నూలుది, రెండు పోగులు. మోచేతి పొడుగు కంటే ఎక్కువ తీసుకోకండి, చిక్కుపడుతుంది. ముడి పైకి కనపడకుండా లాగి పొరల మధ్యలోకి దూర్చేయాలి. రోజుకి రెండు వరసలు వేస్తే చాలు. సీరియల్ చూస్తూ కూడా కుట్టొచ్చు, సస్పెన్సు సీను వచ్చినప్పుడు మాత్రం సూది కింద పెట్టండి.

నా దగ్గరికి ఒకమ్మాయి పోయిన వాళ్ళమ్మ చీరలు తెచ్చింది, బొంత కుట్టిపెట్టమని. పదకొండు చీరలు. మూడు నూలువి, మిగతావి కావు. మూడింటితోనే కుడతానన్నాను. "అన్నీ కావాలి ఆంటీ" అంది. ఏం చేస్తాం? నూలువి మడతలకి వాడి, మిగతా ఎనిమిదింటి అంచులు రెండంగుళాల పట్టీలు కోసి చుట్టూ వేశాను. కుట్టడం పూర్తయ్యాక తీసుకెళ్ళింది. వారం తర్వాత ఫోన్ చేసి, "ఆంటీ, ఎలా ఉతకాలి?" అని అడిగింది. బకెట్లో నానబెట్టి తొక్కమన్నాను, మిషన్లో వేయొద్దన్నాను. "ఉతకాలని లేదు ఆంటీ, ఊరికే అడిగా" అంది. కానీ మీరు ఉతకండి. మన ఊరి ఉక్కకి ఉతక్కపోతే బొంత బూజు వాసన వస్తుంది. మంచి ఎండ ఉన్న రోజు చూసి పొద్దున్నే వేయండి, మూడు పొరలు ఆరాలంటే సాయంత్రం అవుతుంది.

వెనక మాస్టారు చేయెత్తారు. గుండీ కుట్టడం చెప్పాలా? మగవాళ్ళు అడిగారంటే తప్పకుండా చెప్పాలి. చొక్కాకీ గుండీకీ మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి కుట్టండి. అయ్యాక పుల్ల తీసేసి, ఆ ఖాళీలో దారాన్ని నాలుగు చుట్లు చుట్టి ముడి వేయండి. గుండీకి చిన్న మెడ వస్తుంది, కాజాలో గుడ్డ పట్టడానికి చోటుంటుంది. బిగించి కుట్టిన గుండీ రోజూ గుంజుకుని గుంజుకుని తెగేది అందుకే. ఇంటికెళ్ళి మీ చొక్కాకి మీరే కుట్టండి మాస్టారూ, మేడంగారికి ఇవ్వకండి.

సూదులూ దారాలూ ఎక్కడ కొనాలని అడుగుతున్నారు. పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళండి, చిన్న చిన్న కొట్లలో అన్ని నంబర్లూ దొరుకుతాయి. దారం ఒక జానెడు లాగి తెంపి చూసి కొనండి, పుటుక్కున తెగితే పాతది.

ఇప్పుడు బల్లల దగ్గరికి రండి. రెండు కత్తెరలు పెట్టాను. ఎర్ర గుడ్డ కట్టింది బట్టకి, కట్టనిది కాగితానికి. కాగితం కోస్తే కత్తెర పదును పోతుంది, తర్వాత గుడ్డని నములుతుంది. పిల్లలు చార్టులు కోసుకుంటామంటే కట్టనిది ఇవ్వండి. ఎర్రది ఎవరైనా కాగితం మీద పెట్టారంటే నేను అట్నుంచి అటే ఇంటికెళ్ళిపోతాను. ముందు పడుగు ఎటుందో చూసుకుని, సుద్దతో గీత గీసి నాకు చూపించండి. గీత చూశాకే కత్తెర ఇస్తా.